కమడోర్ 64: ఒకే మెషీన్‌లో నాలుగు కెర్నళ్లు (ప్రాజెక్టు డైరీ)

స్విచ్ వేయగానే నీలం తెర మీద "కమడోర్ 64 బేసిక్ వీ2", దాని కింద 38911 బైట్లు ఖాళీ. మామూలు కమడోర్ 64 ఏది వేసినా ఇదే కనిపిస్తుంది కాబట్టి లోపల ఉన్నదీ ఒకటే అనుకుంటారు. 1982లో వచ్చిన ఈ ఇంటి కంప్యూటర్ కెర్నల్ రోమ్ (తెర, కీబోర్డు, టేపు, డిస్క్ పనులు చూసే మూల ప్రోగ్రాం ఉన్న చిప్పు) మూడు రివిజన్లు చూసింది: చిప్ మీద 901227-01, 901227-02, 901227-03 అని ఉంటుంది. మోసుకెళ్లే ఎస్‌ఎక్స్-64 మోడల్‌లో నాలుగోది, 251104-04. బేసిక్ రోమ్ 901226-01 మాత్రం మారలేదు, బ్యానర్‌లో వీ2 కూడా మారలేదు. అందుకే ఒక మెషీన్‌లో చక్కగా నడిచిన ప్రోగ్రాం ఇంకోదాంట్లో ఖాళీ తెర చూపిస్తే తప్పు టైపింగ్‌దో, టేపుదో అనుకుని రోజులు పోతాయి.

ఈ డైరీలో పని రెండు రకాలు: టంకం లేకుండా రామ్‌లోనే పాత కెర్నల్‌లా నటింపజేయడం, ఆ తర్వాత ఒకే ఈప్రామ్‌లో (మనమే రాసుకోగల రోమ్ చిప్పు) నాలుగు కెర్నళ్లూ పెట్టి స్విచ్‌తో మార్చడం. రెండోది చేయకపోయినా మొదటిదానితో సగం సమస్యలు పట్టుకోవచ్చు.

టైపు చేసేవాళ్లకు ఒక మాట. చిరునామాలన్నీ దశాంశంలో ఇచ్చాం. పీక్ అంటే ఒక చిరునామాలోని బైటు చదవడం, పోక్ అంటే అక్కడ బైటు రాయడం, సిస్ అంటే అక్కడున్న మెషీన్ కోడ్ నడపడం. బేసిక్ ఆదేశాలు ఇక్కడ తెలుగు లిపిలో ఉన్నాయి, మెషీన్‌లో మామూలు ఇంగ్లిష్ అక్షరాలతోనే కొట్టాలి.

దశ 1: ఉన్న రోమ్ ఏదో తేల్చుకోవడం, కాపీ తీయడం

మూత విప్పక్కర్లేదు.

ప్రింట్ పీక్(65408)

170 వస్తే రివిజన్ 1. 0 వస్తే రివిజన్ 2. 3 వస్తే రివిజన్ 3. 67 వస్తే ఎస్‌ఎక్స్-64. బడుల కోసం చేసిన 4064 మోడల్‌లో 100 వస్తుంది. 1986 తర్వాతి పల్చటి డబ్బా 64సీల్లో బేసిక్, కెర్నల్ కలిపి 251913-01 అనే ఒకే 16 కేబీ చిప్‌లో పెట్టారు. అందులో కెర్నల్ రివిజన్ 3దే, కాబట్టి అక్కడా 3 వస్తుంది.

చిప్ పీకకుండానే కాపీ తీసే పద్ధతి:

1. డిస్క్ డ్రైవ్‌లో ఖాళీ ఉన్న డిస్క్ పెట్టాలి.
2. 10 ఓపెన్ 2,8,2,"కెర్న్,పి,డబ్ల్యూ"
3. 20 ఫర్ ఐ=57344 టు 65535: ప్రింట్#2,సీహెచ్‌ఆర్$(పీక్(ఐ));: నెక్స్ట్
4. 30 క్లోజ్ 2
5. డైరెక్టరీ చూస్తే ఫైలు 33 బ్లాకులు ఉండాలి. ఒక బ్లాకులో 254 బైట్లు పడతాయి, 8192ను 254తో భాగిస్తే 32 పైన కొంచెం మిగులుతుంది, ఆ కొంచానికి ఇంకో బ్లాకు.

మూడో మెట్టులో చివరి సెమీకోలన్ మర్చిపోతే ప్రతి బైటు వెనక ఒక 13 చేరి ఫైలు రెండింతలవుతుంది. బ్లాకుల సంఖ్య చూస్తే వెంటనే దొరికిపోయే తప్పు ఇది.

33 బ్లాకులు చూసి ఊరుకుంటే దొరకని తప్పు ఇంకోటుంది. మెషీన్ లాంగ్వేజ్ మానిటర్‌తో (మెమరీని చూపి మార్చే ప్రోగ్రాంతో) సేవ్ చేసిన ఫైలుకు ముందు రెండు బైట్ల లోడ్ చిరునామా చేరుతుంది: 8194 బైట్లు. బ్లాకులు మాత్రం అవే 33. దాన్నలాగే ఈప్రామ్‌లో పోస్తే అన్నీ రెండు బైట్లు జరిగి, మెషీన్ నల్ల తెరతో కూర్చుంటుంది. మొదటిసారి పోసిన చిప్పు సరిగ్గా ఇలాగే పోయింది. పీసీలోకి తెచ్చాక ఫైలు సైజు కచ్చితంగా 8192 ఉందో లేదో చూడాలి. ఆపైన చివరి ఆరు బైట్లు ఇలా ఉండాలి:

67, 254, 226, 252, 72, 255

మధ్యలో ఉన్న 226, 252 జంట రీసెట్ వెక్టర్, అంటే స్విచ్ వేయగానే ప్రాసెసర్ వెళ్లే చిరునామా: 252×256+226 = 64738. మెషీన్‌ని కొత్తగా లేపడానికి అందరూ వాడే "సిస్ 64738" ఇదే. ఈ ఆరు బైట్లూ అన్ని రివిజన్లలో ఒకటే, కాబట్టి ఏ కాపీకైనా పరీక్షగా పనికొస్తాయి.

లెక్క: సరైన కాపీలు 1, పాడైన ఈప్రామ్‌లు 1 (చెరిపి మళ్లీ వాడుకున్నాం), టంకం చుక్కలు 0.

దశ 2: టంకం లేని పరీక్ష, కెర్నల్‌ని రామ్‌లోకి దింపడం

కమడోర్ 64లో రోమ్ వెనకాల అదే చిరునామాలో రామ్ ఉంటుంది. పోక్ చేస్తే రామ్‌లోకి పోతుంది, పీక్ చేస్తే రోమ్‌లోంచి వస్తుంది. కాబట్టి "పోక్ ఐ,పీక్(ఐ)" అన్న వెర్రి వాక్యం నిజానికి కాపీ చేస్తుంది. తర్వాత పోక్ 1,53 తో రోమ్‌ని పక్కకు తప్పిస్తే ప్రాసెసర్ రామ్‌లోని కాపీనే నడుపుతుంది, ఆ కాపీలో మనకిష్టమైన బైటు మార్చుకోవచ్చు.

తొలి ప్రయత్నంలో 57344 నుంచి 65535 దాకా మాత్రమే దింపి పోక్ 1,53 కొట్టాం. మెషీన్ బిగుసుకుపోయింది. కారణం: ఆ పోక్ కెర్నల్‌ని చూపించే బిట్టును ఆపుతుంది, బేసిక్ రోమ్ కనబడాలన్నా అదే బిట్టు వెలిగి ఉండాలి. కెర్నల్ పోతే బేసిక్ కూడా పోతుంది. రెండూ దింపాల్సిందే.

10 ఫర్ ఐ=40960 టు 49151: పోక్ ఐ,పీక్(ఐ): నెక్స్ట్
20 ఫర్ ఐ=57344 టు 65535: పోక్ ఐ,పీక్(ఐ): నెక్స్ట్
30 పోక్ 58587,33: పోక్ 58588,208
40 పోక్ 1,53

16384 బైట్లు బేసిక్‌లో దిగడానికి నిమిషం పైనే పడుతుంది. మెషీన్ ఆగిపోయిందని కంగారుపడి స్విచ్ ఆపకండి.

30వ వరుసే అసలు సంగతి. తెర తుడిచేటప్పుడు ప్రతి గడిలో రంగు నింపే చిన్న రొటీన్ 58586 దగ్గర ఉంది. రివిజన్ 3లో అక్కడ 173, 134, 2, 145, 243, 96 అనే ఆరు బైట్లు: అంటే 646లో ఉన్న కర్సర్ రంగు తీసుకుని రంగుల రామ్‌లో పెట్టు, తిరిగిపో. రివిజన్ 2లో 134, 2 స్థానంలో 33, 208 ఉంటాయి: కర్సర్ రంగు కాదు, 53281లో ఉన్న తెర వెనక రంగు తీసుకో. తేడా రెండు బైట్లే. ఫలితం దశ 5లో చూస్తారు.

ఇలాగే ఇంకొన్ని నటనలు:

1. రివిజన్ 1లా తెల్ల రంగు నింపాలంటే: పోక్ 58586,169: పోక్ 58587,1: పోక్ 58588,234.
2. ఎస్‌ఎక్స్-64లా డివైస్ నంబరు ఇవ్వని లోడ్ డిస్క్‌కి పోవాలంటే: పోక్ 57818,8. మామూలుగా అక్కడ 1 (టేపు) ఉంటుంది.
3. గుర్తింపు బైటు చూసి దారి మార్చుకునే ప్రోగ్రాంని మోసం చేయాలంటే: పోక్ 65408,67.

రన్‌స్టాప్, రిస్టోర్ కలిపి నొక్కితే కెర్నల్ 1వ చిరునామాని మళ్లీ సర్దేస్తుంది, అసలు రోమ్ తిరిగొస్తుంది. కాపీ రామ్‌లోనే ఉంటుంది కాబట్టి పోక్ 1,53 మళ్లీ కొడితే చాలు. ఈ సంగతి తెలియక ఒక పరీక్షని "పాస్" అని రాసుకుని, తర్వాత కొట్టేయాల్సి వచ్చింది. ప్రతి పరీక్షకీ ముందు పీక్(58587) చూసుకుంటే ఈ ఇబ్బంది ఉండదు.

ఈ పద్ధతికి హద్దుంది. 40960 నుంచో 57344 నుంచో ఉన్న రామ్‌ని సొంతానికి వాడుకునే ఆటలు మన కాపీని తొక్కేస్తాయి. బేసిక్ ప్రోగ్రాములకూ చిన్న మెషీన్ లాంగ్వేజ్ ప్రోగ్రాములకూ సరిపోతుంది, పెద్దవాటికి సరిపోదు. పీసీ ఉన్నవాళ్లు 64ని అనుకరించే వైస్ ఎమ్యులేటర్‌లో కెర్నల్ రివిజన్ మార్చి కూడా చూడొచ్చు. అసలు బోర్డు మీదే చూడాలంటే మాత్రం కింది దశ తప్పదు.

దశ 3: 24 కాళ్ల సాకెట్లో 28 కాళ్ల చిప్పు

మొదట కరెంటు సంగతి. పాత అడాప్టర్ ఇటుకల్లో 5 వోల్ట్ల రెగ్యులేటర్ పోతే వోల్టేజి పెరుగుతుంది, పెరిగితే ముందు పోయేవి రామ్ చిప్పులు. యూజర్ పోర్టు 1, 2 కాళ్ల మధ్య మల్టీమీటర్ పెట్టి చూడాలి. 4.75 నుంచి 5.25 మధ్య ఉంటేనే ముందుకెళ్లాలి. 5.25 దాటితే ఆ ఇటుక పక్కన పడేయండి.

పాత లావు డబ్బా బోర్డులో కెర్నల్ స్థానం యూ4. కొన్ని బోర్డుల్లో సాకెట్టుంటుంది, కొన్నింటిలో చిప్పు నేరుగా టంకం పెట్టి ఉంటుంది. అలా ఉంటే 24 కాళ్లూ విడదీసి మంచి సాకెట్టు వేయాలి. తొందరపడి లాగితే బోర్డు మీది రాగి దారి చిప్పుతోపాటే లేచొస్తుంది.

అసలు చిప్పు 2364: 24 కాళ్లు, 8 కేబీ. మేం వాడింది డబ్ల్యూ27సి512: 28 కాళ్లు, 64 కేబీ, కరెంటుతోనే చెరిగే రకం, అతినీలలోహిత దీపం అక్కర్లేదు. 64 కేబీలో 8 కేబీ గదులు 8 పడతాయి. రెండు చిప్పుల వరసల మధ్య దూరం ఒకటే కాబట్టి 28 కాళ్ల సాకెట్టుని 24 కాళ్ల సాకెట్టు మీద కూర్చోబెట్టొచ్చు. కొత్త చిప్పు 3 నుంచి 14 కాళ్లు పాతదాని 1 నుంచి 12 మీద, 15 నుంచి 26 కాళ్లు 13 నుంచి 24 మీద పడతాయి. వాటిలో 21 కాళ్లు సూటిగా సరిపోతాయి. మిగిలిన 7 కాళ్లు (1, 2, 20, 23, 26, 27, 28) పక్కకి వంచి తీగలతో కలపాలి:

1. కొత్త చిప్పు 23 నుంచి కింది సాకెట్టు 18కి.
2. కొత్త చిప్పు 2 నుంచి కింది 21కి.
3. కొత్త చిప్పు 28 నుంచి కింది 24కి (5 వోల్ట్లు).
4. కొత్త చిప్పు 20ని అదే చిప్పు 22కి.
5. 26, 27, 1 కాళ్ల నుంచి మూడు స్విచ్‌లకు. స్విచ్ రెండో కొస నేలకు (14).
6. ఆ మూడు కాళ్ల నుంచి 28కి ఒక్కో 10 కిలో ఓమ్ రెసిస్టర్.
7. 28కి, 14కి మధ్య 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్.

సాకెట్లు రెండూ గుండ్రటి సన్న కాళ్ల రకమే కావాలి. చదును కాళ్ల సాకెట్టు దూరిస్తే బోర్డు మీది అసలు సాకెట్టు నోళ్లు సాగిపోతాయి, మళ్లీ అసలు చిప్పు పెడితే వదులుగా కూర్చుంటుంది. మూడంతస్తుల ఎత్తు కీబోర్డు కింద పడుతుందో లేదో మూత బిగించక ముందే చూసుకోవాలి.

తప్పు 1: మొదటి రెండు తీగలు తారుమారయ్యాయి. నల్ల తెర వచ్చింది. లాజిక్ ప్రోబ్ (తీగలో 0, 1 మారడం చూపే పరికరం) పెడితే అడ్రస్ లైన్లు చకచకా కదులుతున్నాయి, చచ్చిన మెషీన్ లక్షణం కాదది. ఆలోచిస్తే తేలింది: ఆ రెండు లైన్లు తారుమారైతే 8 కేబీలోని నాలుగు 2 కేబీ ముక్కల్లో మొదటిది, చివరిది తమ చోటే ఉంటాయి, నడిమి రెండూ స్థానాలు మార్చుకుంటాయి. రీసెట్ వెక్టరూ, తొలి రొటీన్లూ చివరి ముక్కలో ఉన్నాయి కాబట్టి ప్రాసెసర్ బాగానే బయల్దేరింది, నడిమి ముక్కలోకి దూకగానే దారి తప్పింది. మల్టీమీటర్‌తో తీగ తీగా చూసి సరిచేశాం. నల్ల తెర అనగానే చిప్పు మార్చకుండా ముందు అడ్రస్ లైన్లు కదులుతున్నాయేమో చూడండి.

తప్పు 2: రెసిస్టర్లు పెట్టకుండా ప్రయత్నించాం, "స్విచ్ తెరిచి ఉంటే దానంతటదే 1 అవుతుందిలే" అని. కాలేదు. గాలిలో వేలాడే కాలు ఒక్కోసారి 0, ఒక్కోసారి 1. బ్యానర్ వచ్చాక చెయ్యి దగ్గరికి తీసుకెళ్తే బిగుసుకుపోయేది. 10 కిలో ఓమ్‌లు వేశాక స్థిరపడింది. మూసిన స్విచ్ ఒక్కోదానికి అర మిల్లీఆంపియర్ ఖర్చు, లెక్కలోకి రాదు.

వేగం గురించి బెంగ అక్కర్లేదు. మెషీన్ నడిచేది మెగాహెర్ట్జ్ దగ్గర్లో, 250 నానోసెకన్ల పాత చిప్పు కూడా సరిపోతుంది.

లెక్క: టంకం చుక్కలు 26 (బోర్డు సాకెట్టు కాకుండా), తీగ తప్పులు 1, గదులు 0/8.

దశ 4: గదుల అమరిక

మొదటి అమరిక వరుస సంఖ్య ప్రకారం పెట్టాం: 0లో రివిజన్ 1, 1లో రివిజన్ 2, 2లో రివిజన్ 3, 3లో ఎస్‌ఎక్స్, మిగతావి ఖాళీ. స్విచ్‌లన్నీ తెరిచి ఉంటే రెసిస్టర్ల వల్ల మూడు లైన్లూ 1 అవుతాయి, అంటే 7వ గది. అందులో ఉన్నది 255లు మాత్రమే. 1వ కాలి స్విచ్ తీగ ఒక్కటి ఊడినా నల్ల తెరే. దాంతో మార్చాం: రోజువారీ వాడే రివిజన్ 3ని 7లో కూడా పెట్టాం. ఏది ఊడినా, ఏది తెరిచినా కనీసం బ్యానర్ వస్తుంది, లేదా వేరే కెర్నల్ వస్తుంది, పీక్(65408) ఏదో చెప్పేస్తుంది.

ప్రస్తుత అమరిక: 0 రివిజన్ 1, 1 రివిజన్ 2, 2 రివిజన్ 3, 3 ఎస్‌ఎక్స్-64, 4 ఖాళీ, 5 కొనుక్కున్న జిఫీడాస్ (డిస్క్ వేగం పెంచే కెర్నల్), 6 ప్రయోగాలకు, 7 రివిజన్ 3. ఖాళీ 4వ గదిలోనూ రివిజన్ 3 కాపీనే నింపాం, 255లు ఎక్కడా వదల్లేదు.

పోసే క్రమం:

1. ఎనిమిది ఫైళ్లూ ఒక్కోటి 8192 బైట్లని చూసుకోవాలి.
2. 0 నుంచి 7 వరుసలో అతికించాలి. మొత్తం 65536. ఒక్క బైటు తేడా ఉన్నా ఆపేయాలి.
3. ప్రోగ్రామర్‌లో చిప్పు పేరు సరిగ్గా డబ్ల్యూ27సి512 అనే ఎంచుకోవాలి. మామూలు 27సి512 అని ఎంచుకుంటే చెరిపే అవకాశం రాదు.
4. చెరిపి, ఖాళీ పరీక్ష చేసి, పోసి, తిరిగి చదివి పోల్చాలి.
5. ప్రతి గది చివర 226, 252 ఉన్నాయో చూడాలి: గది సంఖ్య×8192+8188 దగ్గర.

మెషీన్ నడుస్తుండగా స్విచ్ మార్చొద్దు. ప్రాసెసర్ ఒక ఆదేశం సగం ఒక కెర్నల్ నుంచి, మిగతా సగం ఇంకోదాన్నుంచి చదువుకుంటుంది. ఆపి, పది సెకన్లు ఆగి, మార్చి, వేయాలి.

లెక్క: గదులు 8/8, వేర్వేరు కెర్నళ్లు 5.

దశ 5: పరీక్షలు

డ్రైవ్ ఒక్కటే, డిస్క్ ఒక్కటే, మానిటర్ ఒక్కటే. 1541 డ్రైవ్‌లో దాని సొంత 16 కేబీ రోమ్, 2 కేబీ రామ్ ఉన్నాయి, దానికీ రివిజన్లున్నాయి. వేగపు లోడర్లు డ్రైవ్ రామ్‌లోకి కోడ్ పంపి, డ్రైవ్ రోమ్‌లోని రొటీన్లను నేరుగా పిలుస్తాయి. కెర్నల్, డ్రైవ్ రెండూ ఒకేసారి మారిస్తే తప్పెవరిదో తేలదు. బోర్డు పాల్ రకం (యూరప్, ఇండియా టీవీ పద్ధతి; అమెరికాది ఎన్‌టీఎస్‌సీ).

పరీక్ష 1, గుర్తింపు బైటు. 170, 0, 3, 67. ఊహించినట్టే.

పరీక్ష 2, తుడిచి పోక్ చేయడం.

10 ప్రింట్ సీహెచ్‌ఆర్$(147)
20 ఫర్ ఐ=0 టు 255: పోక్ 1024+ఐ,ఐ: నెక్స్ట్

రివిజన్ 1లో తెల్లటి అక్షరాలు. రివిజన్ 2లో ఏమీ లేదు. రివిజన్ 3లో లేత నీలం అక్షరాలు. ఎస్‌ఎక్స్‌లో తెల్ల తెర మీద నీలం అక్షరాలు. రివిజన్ 2లో అక్షరాలు లేకపోలేదు: నీలం మీద నీలంగా ఉన్నాయి, అంతే. పోక్ 53281,0 కొట్టగానే నల్ల తెర మీద నీలంగా తేలాయి. ఖాళీ తెర చూపే ఏ పాత లిస్టింగ్‌కైనా మొదటి మందు ఇదే పరీక్ష. ప్రోగ్రాం ముందే తెరని నల్లగా చేసి ఆ తర్వాత తుడిస్తే అక్షరాలు నలుపు మీద నలుపవుతాయి. అప్పుడు పోక్ 53281,1 కొట్టాలి.

రివిజన్ 1 మెషీన్‌లో రాసినవాడికి రంగుల రామ్ గుర్తుండాల్సిన పనే లేదు, తెల్లగా కనిపించేవి. అదే లిస్టింగ్ పత్రికలో అచ్చయి రివిజన్ 2 ఉన్న ఇంటికి చేరితే ఖాళీ తెర. రివిజన్ 3 వచ్చాక మళ్లీ కనిపించడం మొదలైంది. అంటే కొత్త మెషీన్ మీద పరీక్షించినా నడిమి రివిజన్ తప్పు బయటపడదు. రివిజన్ 2 గది లేని పరీక్ష సగం పరీక్షే.

పరీక్ష 3, పాల్ గుర్తు. పీక్(678): పాల్ అయితే 1. రివిజన్ 1లో 0 వచ్చింది, మిగతావాటిలో 1. రివిజన్ 1కి ఈ పరిశీలనే లేదు. తర్వాతి వాటిలో ఉపాయం ముచ్చటగా ఉంటుంది: వీడియో చిప్పుకు 311వ గీత దగ్గర గంట కొట్టమని చెప్పి చూస్తాయి. పాల్‌లో 312 గీతలు, ఎన్‌టీఎస్‌సీలో 262 లేదా 263. అక్కడ 311 ఎప్పటికీ రాదు, గంట మోగదు.

పరీక్ష 4, గడియారం. టీఐ$="000000" అని బేసిక్ గడియారాన్ని సున్నా చేసి, 10 నిమిషాలు వాచీ పక్కన పెట్టి చూశాం. రివిజన్ 2, 3లో తేడా కంటికి అందలేదు. లెక్కకు కూడా అదే తేలుతుంది: పాల్ గడియారం సెకనుకు 985248, టైమర్ చుట్టు 16422, అంటే సెకనుకు 59.996 టిక్కులు. గంటకు పావు సెకను వెనకబాటు. రివిజన్ 1లో వెనకబాటు సెకన్లలోనే కనిపించింది, పాల్‌కి వేరే విలువ దానికి తెలియదు కాబట్టి. తప్పు విలువ ప్రభావం ఎంతో రివిజన్ 3 మీదే చూడాలంటే: పోక్ 678,0: సిస్ 64989. ఎన్‌టీఎస్‌సీ చుట్టు 17046 పడుతుంది, టిక్కులు సెకనుకు 57.8కి దిగుతాయి. 10 నిమిషాలకు 22 సెకన్లు వెనక. టీఐ మీద ఆధారపడిన క్విజ్ టైమర్, టైపింగ్ పరీక్ష, సంగీతం తాళం, అన్నీ ఆ మేరకు జరుగుతాయి.

పరీక్ష 5, చివరి వరస. కర్సర్‌ని తెర అట్టడుగు వరసకు తెచ్చి, 80 అక్షరాలు దాటేదాకా కొట్టి, డిలీట్‌తో వెనక్కి వచ్చాం. రివిజన్ 1, 2లో కీబోర్డు చచ్చిపోయింది, 3లో ఏమీ కాలేదు. ఎందుకో కాగితం మీద లెక్క వేస్తే తేలుతుంది. రంగుల రామ్ 55296 నుంచి, వరసకు 40 గడులు, 25 వరసలు. లేని 26వ వరసని తుడిస్తే రాత 56296 నుంచి 56335 దాకా పోతుంది. 56320 నుంచి 56335 దాకా ఉన్న 16 చిరునామాలు కీబోర్డుని చదివే సీఐఏ చిప్పువి. పదహారుకి పదహారూ రంగు నంబర్లతో నిండిపోతాయి. సేవ్ చేయకుండా పొడుగు వరస దిద్దకూడదన్న పాత జాగ్రత్త ఊరికే పుట్టింది కాదు.

పరీక్ష 6, నంబరు లేని లోడ్. మూడు రివిజన్లూ "ప్రెస్ ప్లే ఆన్ టేప్" అన్నాయి, ఎస్‌ఎక్స్ డిస్క్‌కి వెళ్లింది. దానికి టేపు పోర్టే లేదు. రెండో భాగాన్ని నంబరు లేకుండా పిలిచే ప్రోగ్రాం టేపు మీద నడుస్తుంది, డిస్క్‌కి కాపీ చేస్తే మామూలు 64లో నడవదు, ఎస్‌ఎక్స్‌లో నడుస్తుంది. ",1" అని స్పష్టంగా రాసినది ఎస్‌ఎక్స్‌లో నడవదు. ఎస్‌ఎక్స్‌లో మామూలు రంగులు కూడా వేరు, తెల్ల తెర, నీలం అక్షరం. తెరని తనే నీలం చేసి అక్షరాల రంగు ముట్టని ప్రోగ్రాం ఇక్కడ కనబడకుండా పోతుంది.

లెక్క: పరీక్షలు 6, నడిపినవి 23 (అయిదోది మూడు రివిజన్ల మీదే).

జిఫీడాస్ గదిని విడిగా చూశాం. అది టేపు రొటీన్లు తీసేసి ఆ చోటు డిస్క్ వేగానికి వాడుకుంది. టేపు ఆటలన్నిటికీ సొంత టర్బో లోడర్ ఉంటుంది కదా, కెర్నల్ టేపు కోడ్‌తో పనేంటి అనిపిస్తుంది. ఆ టర్బో లోడర్ మొదటి ముక్కని లోపలికి తెచ్చేది మాత్రం కెర్నలే. అది లేకపోతే టర్బో మొదలే కాదు. టేపు కావాలంటే 7కి మార్చుకోవడమే.

దశ 6: చిరునామాలు పోల్చడం

కాపీలని పీసీలో బైటు బైటు పోల్చాం. తేడాలు తక్కువ, అక్కడక్కడ చిన్న మచ్చల్లా ఉన్నాయి. కోడ్ జరగలేదు. కొత్త పని చేర్చాల్సి వస్తే ఖాళీగా ఉన్న చోట రాసి, పాత చోటు నుంచి అక్కడికి ఒక పిలుపు పెట్టారు. పైన చూసిన 58586 అలాంటి అతుకే. అందువల్ల తెర తుడిచే 58692, ఇంటరప్ట్ ముగింపుకు ఆటలు వాడే 59953, 60033 ఈ మూడు రివిజన్లలోనూ కదల్లేదు. అధికారిక దారి కాని చిరునామాల్లోకి నేరుగా దూకే ఆటలు బతికి బట్టకట్టడానికి ఇదే కారణం.

మినహాయింపు 65371. తెర మొదలుపెట్టే పని కోసం చాలామంది దాన్ని నేరుగా పిలుస్తారు. అది పాల్ పరిశీలనతో పాటు రివిజన్ 2లో వచ్చిన రొటీన్, రివిజన్ 1లో అక్కడ లేదు. అధికారిక జంప్ పట్టిక 65409 నుంచి మొదలవుతుంది, 39 పిలుపులు. రివిజన్ 2, 3లో 65409 దగ్గర 76, 91, 255 ఉంటాయి, అంటే "65371కి దూకు". పట్టిక ద్వారా వెళ్తే రివిజన్ 1లో కూడా సరైన చోటికే చేరతాం. ఆదా అయ్యేది 3 సైకిళ్లు, దానికోసం ఒక రివిజన్‌ని వదులుకోవడం దండగ.

దశ 7: ప్రోగ్రాముల్లో మార్చినవి

1. తెర మీదకి పోక్ చేసే ప్రతిచోటా పక్కనే రంగు పోక్: పోక్ 55296+ఐ,1. తెర నిండా ముందే నింపుకుంటే బేసిక్‌లో వెయ్యి పోక్‌ల ఆలస్యం తగులుతుంది, అందుకే వాడే గడులకే వేశాం.
2. 65408 చూసి రంగు నిర్ణయించే వరసలు తీసేశాం. మార్చిన కెర్నళ్లు ఆ బైటులో ఏం చెప్పినా నమ్మనక్కర్లేదు.
3. నంబరు లేని లోడ్‌లన్నిటికీ పీక్(186) వాడాం. చివరిగా వాడిన డివైస్ నంబరు అక్కడ ఉంటుంది, ప్రోగ్రాం ఎక్కడినుంచి వచ్చిందో రెండో భాగమూ అక్కడినుంచే వస్తుంది.
4. మొదటి వరసలోనే 53280, 53281, 646 మూడూ పెట్టేశాం, ఏ రంగులతో లేచిన మెషీనైనా ఒకేలా కనబడేలా.
5. సిస్ 65371 ఉన్నచోట సిస్ 65409.
6. కాలం కొలిచే చోట 678 మీద ఆధారపడకుండా గీతల సంఖ్య నేరుగా లెక్కించే చిన్న మెషీన్ లాంగ్వేజ్ ముక్క.

వీడియో చిప్పు రిజిస్టర్లని ఒక లూప్‌లో 53248 నుంచి గుడ్డిగా నింపే వరస ఒకటి కూడా దొరికింది. 64లో దానివల్ల నష్టం లేదు. కమడోర్ 128లో 64 మోడ్‌కి వెళ్లి నడిపితే 53296 దగ్గర వేగాన్ని రెండింతలు చేసే బిట్టు వెలిగి తెర చెత్తగా మారుతుంది. లూప్‌ని 53294 దగ్గర ఆపాం.

లెక్క: మార్పులు 7, నాలుగు కెర్నళ్ల మీదా మళ్లీ నడిపినవి 20. అయిదో పరీక్ష మళ్లీ నడపలేదు, రివిజన్ 1, 2లో ఆ కీబోర్డు చావుని ప్రోగ్రాంలో ఆపే దారి లేదు. 6వ గది ఇంకా ప్రయోగాలకే ఉంది. తర్వాత అందులో పోయబోయేది 57818లో 8 పెట్టిన రివిజన్ 3.